తల్లిని చూసి తెచ్చిన కోడె

అనగనగా కపిలగిరి అనే రాజ్యం. దాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు, లెక్కలేనన్ని ఆవులు. ఒక ఏడు, సప్తసముద్రాల అవతలి దీవిలో ఉండే ఉగ్రకంఠుడనే మాంత్రికుడు వచ్చి ఆబోతులన్నిటినీ ఎత్తుకుపోయాడు. ఆబోతు లేని మందకు దూడలెక్కడివి? దూడలు లేకపోతే పాలెక్కడివి? పాలు లేక ఏడ్చే పసివాళ్ల గొంతులు కోటలోకి వినిపిస్తుంటే రాజుకు ముద్ద దిగలేదు.

అప్పుడు మాంత్రికుడు కబురు పంపాడు. తెచ్చిన ఆబోతులు చచ్చిపోయాయట. వాటికి పుట్టిన కోడెదూడ ఒక్కటి మిగిలిందట. దాన్ని మాయకోడెల మందలో కలిపేశాడట. ఎలాగైనా పరీక్షించి, నిజమైనదాన్ని ఎంచుకున్నవాడు తోలుకుపోవచ్చు. తప్పితే రాయి కావాలి.

పెద్దవాడు ఏడు సముద్రాలు దాటి వెళ్లాడు. మీరైతే ఏం చూస్తారర్రా? కొమ్ములూ మూపురమూ చూస్తారు. అతనూ అవే చూశాడు, రాయి అయ్యాడు. రెండోవాడు వెళ్లి కోడెలకు పోట్లాట పెట్టాడు. గెలిచినదాని మెడ మీద చెయ్యి వేశాడు, అతనూ రాయి అయ్యాడు.

ఇక మూడోవాడు ఇందుధరుడు బయలుదేరాడు. రాజు వద్దన్నాడు. రాణి మాత్రం కళ్లు తుడుచుకుని కొడుకును దగ్గరికి పిలిచింది.

“తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నారు నాయనా. ఆబోతుకైనా అంతే. రేపు పాలిచ్చేది అది కాదు, దాని కూతుళ్లు. ఆ పాలు దాని తల్లి నుంచి రావాలి.”

అతనూ ఏడు సముద్రాలు దాటాడు. దీవి ఒడ్డున కువలయ ఎదురైంది. చిన్నప్పుడే మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాజకుమార్తె ఆమె, ఇప్పుడు పశువులకు మేత వేస్తోంది. ఒడ్డు పొడుగునా ఉన్న రాళ్లను చూపించి, చివరి రెండూ మీ అన్నలేనంది. తక్కినవాళ్లెవరో తనకు తెలియదట. అన్నిటికన్నా పాత రాయికి ఆనుకుని రోజూ అన్నం తింటుందట, అలా కూర్చుంటే దిగులు తగ్గుతుందట. ఇందుధరుడు అన్నల రాళ్లను కౌగిలించుకుని ఏడ్చాడు. తల్లి చెప్పిన మాట కువలయకు చెప్పి, మంద దగ్గరికి నడిచాడు.

“వీటి తల్లుల్ని చూపించు” అన్నాడు మాంత్రికుడితో.

ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. మాంత్రికుడు నవ్వి మంత్రదండం ఊపాడు. ఒక్కో కోడె పక్కన ఒక్కో ఆవు వచ్చి నిలబడింది, అన్నీ తెల్లగా, నిగనిగలాడుతూ. రాకుమారుడు చెంబు పుచ్చుకుని ఒక్కొక్క ఆవునే పిండుతూ పోయాడు. చుక్క పాలు లేవు. చిట్టచివర, ఎముకలు తేలిన ముసలావు ఒకటి బక్క కోడెను నాకుతోంది. దాన్ని పిండితే చెంబు నురగలెత్తింది. అప్పుడు ఆవు మాట్లాడింది.

“ఇన్నేళ్లకు నా పొదుగు మీద చెయ్యి వేసినవాడివి నువ్వే. నా చెవిలో ఒక పిడుదు ఉంది నాయనా. నెత్తురు తాగేస్తోంది, తీసెయ్యి.”

చెవి ముట్టవద్దని మాంత్రికుడు కేక పెట్టాడు. వాడి ప్రాణం ఎక్కడుందో రాకుమారుడికి తెలిసిపోయింది. పిడుదును లాగి మడమ కింద నలిపాడు. మాంత్రికుడు కూలిపోయాడు. మాయకోడెలు పొగలా పోయాయి, బక్క కోడె ఒక్కటే మిగిలింది. ఒడ్డున రాళ్లకు ప్రాణాలు వచ్చాయి. అన్నలు పరుగున వచ్చి తమ్ముణ్ణి హత్తుకున్నారు.

ఇందుధరుడు కువలయను పెళ్లాడమని అడిగాడు. ఆమె తల వంచుకుంది.

“తల్లిని చూసి పిల్లను అని మీ అమ్మగారే అన్నారుగా. నాకు తల్లి లేదు. ఏం చూసి చేసుకుంటారు?”

ఆ పాత రాయి ఉన్నచోటు నుంచి ఒకామె తడబడుతూ వచ్చింది. ఎప్పుడో కూతురి కోసం ఏడు సముద్రాలూ దాటి, మాంత్రికుడి చేతిలో రాయైపోయిన రాణి ఆమె. కువలయ గడ్డం పట్టుకుని చూసింది.

“అన్నం తిన్నావా, తల్లీ?” అంది.

కువలయ ఆమె మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇందుధరుడు చేతులు జోడించి, “చూశాను” అన్నాడు.

కపిలగిరిలో పెళ్లి జరిగింది. మొదటి దండ ముసలావు మెడలో వేశారు. బక్క కోడె ఆబోతయింది, దాని కూతుళ్ల పాలతో ఇల్లిల్లూ నిండింది. ఇందుధరుడూ కువలయా మనవళ్ల పిల్లల్ని ఎత్తుకునేదాకా రాజ్యం ఏలారు. ఆ రాజ్యంలో ఇప్పటికీ కోడెను ఎంచబోయేవాడు ముందు చెంబు పుచ్చుకుని దాని తల్లి దగ్గర కూర్చుంటాడట.