ఎడమకాలి పాఠం

జీలుగువాడలో గేదెలవారి ముగ్గురన్నదమ్ములకూ ఒక్కటే బెంగ. ఇంత తెలివి ఒకే పెంకుటింట్లో ఇరుక్కుపోయిందే అని! పెద్దవాడు గవరయ్య, నడిపివాడు దాలినాయుడు, చిన్నవాడు సింహాచలం. "దేముడు మన ముగ్గుర్నీ ఒకే ఇంట్లో పెట్టి పొరపాటు చేసీసినాడ్రా. ఊరికొకర్ని పంచుంటే జిల్లా బాగుపడిపోను" అనేవాడు గవరయ్య. తమ్ముళ్ళిద్దరూ వినయంగా తలలూపేవారు.

ఆ తెలివికి సాక్ష్యం లేకపోలేదు. కిందటేడు పక్కింటివాళ్ళు పెళ్ళికెళుతూ "కాస్త మా ఇల్లు చూస్తుండండి" అన్నారు. ఇంకేముంది, ముగ్గురూ అరుగు మీద వరసగా కూర్చుని రెండు రోజులు ఆ ఇంటినే చూశారు. దొంగ వచ్చి తాళం పగలగొడితే అదీ చూశారు. బిందెలు మోసుకుపోతుంటే లెక్కపెట్టి మరీ చూశారు. పక్కింటివాళ్ళు వచ్చి లబోదిబోమంటే "రెప్ప వెయ్యలేదు, ఒట్టు" అన్నారు.

అలాంటి ఇంట్లోకి ఫోన్ వచ్చింది. ఫోన్‌లోకి చదువు వచ్చింది. కొండెక్కి చీపురుగడ్డి కోసేవాళ్ళు అడవిలో ప్రథమ చికిత్స నేర్చుకుంటే మంచిదని ఎవరో చెప్పారు. ఆన్‌లైన్‌లో ఎనిమిది పాఠాలు, ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు. మొదటి పాఠంలో టీచరమ్మ చల్లగా నవ్వి, "నేను ఎలా చేస్తే మీరూ అలాగే చెయ్యండి. పాఠాల వరస తప్పకండి" అంది. పాపం, ఎవరితో అంటున్నానో ఆవిడకేం తెలుసు?

టీచరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. ముగ్గురికీ కళ్ళజోళ్ళు లేవు. అంతే, పోస్టుమాస్టరుగారి జోడు అడిగి తెచ్చి వంతులవారీగా తుడిచారు. ఆవిడ దగ్గితే దగ్గారు. ఒకరోజు సిగ్నలు పోయి ఆవిడ నోరు తెరుచుకుని బొమ్మలా ఆగిపోయింది. ఆ ముగ్గురూ కూడా అరగంటసేపు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. సింహాచలం నోట్లోకి ఈగ వెళ్ళింది. "పాఠం మధ్యలో నోరు మూస్తే మార్కులు పోతాయిరా" అని గవరయ్య సైగ చేశాడు. ఈగను మింగేసి వాడు పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు.

ఎనిమిది పాఠాలూ అయ్యాయి. సర్టిఫికెట్లు వచ్చాయి. వాటికి ప్లాస్టిక్ అట్టలు వేయించి, తాళ్ళు కట్టి, మెడలో వేసుకుని తిరగడం మొదలుపెట్టారు. స్నానానికి కూడా తియ్యలేదు.

మాఘమాసంలో ముగ్గురూ కొండచీపుళ్ళు కొయ్యడానికి బయల్దేరారు. వాళ్ళ చెల్లెలు పైడితల్లి మొగుడు తవిటినాయుడు కూడా వెంట వెళ్ళాడు. మనిషి నెమ్మదస్తుడు. కొండ మీద గడ్డి బాగా కోశాడు, మోపు ఎత్తుకున్నాడు, రాయి జారింది, పడ్డాడు. కుడికాలు లోపల పుటుక్కుమంది. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. నాలుగింటికి కొండకింద రోడ్డు మీదికి సంతజీపు వస్తుంది. అది దాటితే మళ్ళీ మర్నాడే.

"కాలు ఇరిగిపోనాది బావా" అన్నాడు తవిటినాయుడు పళ్ళు బిగించి. "నాలుగింటికల్లా నన్ను దించీయండి. ఆలస్యమైతే కాలు వంకరపోద్ది. నాకు నాగలి తప్ప ఇంకేటీ రాదు."

ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. చదువుకున్నాక మొదటి రోగి! "భయపడకు బావా. మాకు సర్టిఫికెట్లున్నాయి" అని మూడూ ఎత్తి చూపించారు.

"సర్టిఫికెట్లు తర్వాత చదువుకుంటాను. డోలీ కట్టండి. ఒక కర్ర, ఒక దుప్పటి, ఇద్దరు మనుషులు చాలు. మన తాతలు అలాగే మొయ్యలేదేటి?"

"తాతలు చదువుకోలేదు బావా" అన్నాడు దాలినాయుడు జాలిగా. "డోలీ మా పాఠంలో లేదు."

మొదటి పాఠం, చుట్టూ ప్రమాదం ఉందేమో నాలుగు దిక్కులూ చూడాలి. గవరయ్య తూర్పు, దాలినాయుడు పడమర, సింహాచలం ఉత్తరం చూశారు. దక్షిణం మిగిలిపోయింది. "బావా, నువ్వు దక్షిణం చూడు" అన్నారు. బావ పడమటి వైపు తలపెట్టి పడ్డాడు కాబట్టి, పట్టుకుని తిప్పి మరీ చూపించారు. కొండ ప్రతిధ్వనించేలా అరిచాడాయన.

రెండో పాఠం, రోగి పేరు అడిగి కాగితం మీద రాయాలి. "నీ పేరేటి?" అన్నాడు గవరయ్య పెన్సిలు తీసి.

"మీ చెల్లిని చేసుకుని పదకొండేళ్ళయింది. నా పేరడుగుతావేటి?"

"రోగి చెప్పాలి, మనం రాసుకోవాలి. పేరు?"

"మీ తాత!" అన్నాడు తవిటినాయుడు ఒళ్ళు మండి.

అంతే. పేరు: మీ తాత. గుండ్రంగా రాశాడు.

మూడో పాఠం పాముకాటు. "పాము ఏ రంగు బావా?" అన్నాడు సింహాచలం. పాము లేదని ఒట్టేసి చెప్పాడాయన. "రంగు లేని పాము" అని రాసుకున్నారు. నాలుగోది నీళ్ళలో మునిగినవాడికి చికిత్స. బావ పొడిగా ఉన్నాడు. ఇంకేముంది, తాగడానికి తెచ్చుకున్న రెండు సీసాలూ ఆయన నెత్తిన గుమ్మరించారు. కొండగాలికి ఆయన గజగజ వణికాడు. అయిదో పాఠం చలికి వణికేవాడిది! గవరయ్య ఆనందంతో తమ్ముళ్ళ వీపులు తట్టాడు. "చూశారేట్రా, వరసలో ఎంత అర్థముందో! మనం నాలుగోది ఎగ్గొడితే ఈయన వణుకునా?"

ఆరో పాఠం దగ్గరికి వచ్చేసరికి మూడుంపావయింది. విరిగిన కాలికి కట్టు. వెదురు బద్దలు చీల్చారు, తువ్వాళ్ళు చింపారు. అంతా పద్ధతిగానే ఉంది. చివరికి బద్దలు తెచ్చి ఎడమకాలికి పెట్టారు.

"అది బాగానే ఉంది! ఇరిగింది కుడికాలు!"

"టీచరమ్మ ఎడమకాలికే కట్టింది బావా" అన్నాడు దాలినాయుడు. "నువ్వు పాఠం చూడకుండా పడిపోనావు. ఆ తప్పు మాదా?"

"ఒరే, దీనికి నొప్పే లేదు!"

"కట్టిన వెంటనే నొప్పి లేదంటన్నాడు!" అని సింహాచలం చప్పట్లు కొట్టాడు.

ఏడో పాఠం మోయడం. రెండు వెదుళ్ళకు దుప్పటి కట్టి స్ట్రెచర్ చేశారు. అచ్చం ఫోన్‌లో ఉన్నట్టే వచ్చింది. కానీ ఫోన్‌లో నాలుగు మూలలా నలుగురు మోశారు. ఇక్కడున్నది ముగ్గురు. గవరయ్య వేళ్ళు లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత బావ వైపు చూసి నవ్వాడు.

అంతే. నాలుగో మూల బావ భుజానికెత్తారు. కుడికాలు విరిగింది, ఎడమకాలు కట్టెలా బిగుసుకుంది. పాపం తవిటినాయుడు ఆ వెదురుకు వేలాడుతూ, గెంతుతూ, వాళ్ళ వంశాన్నంతా పేరుపేరునా తలుచుకుంటూ కొండ దిగాడు. ముందు ఖాళీ దుప్పటి ఊగుతోంది. "పద్ధతిగా మోస్తే మనిషి బరువే తెలీదు!" అన్నాడు గవరయ్య. తమ్ముళ్ళూ అవునన్నారు.

సరిగ్గా నాలుగింటికి జీపు వచ్చింది. "ముగ్గురికే చోటు, తొందరగా ఎక్కండి" అన్నాడు డ్రైవరు. రోగిని ఆసుపత్రికి పంపేటప్పుడు చికిత్స చేసినవాళ్ళు వెంట వెళ్ళాలని టీచరమ్మ గట్టిగా చెప్పింది. చికిత్స చేసింది ముగ్గురు, చోటూ ముగ్గురికే. స్ట్రెచర్ పైన కట్టి ముగ్గురూ ఎక్కారు.

"మరి నాను?" అన్నాడు తవిటినాయుడు రోడ్డు పక్క కూలబడి.

"నువ్వు చికిత్స చేశావేటి బావా?" అన్నాడు దాలినాయుడు. జీపు వెళ్ళిపోయింది.

కొండ దిగేవాళ్ళ కోసం సంబరంగా అన్నం మూట పట్టుకుని ఎదురొచ్చిన పైడితల్లికి దుమ్ములో కూర్చున్న మొగుడు కనిపించాడు. "ఓలమ్మో! నా అన్నలు చదువుకున్నారని నమ్మి నిన్ను పంపాను గదా!" అని నెత్తి బాదుకుంది. ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. అరటిగెలల ఆటో వస్తుంటే రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపింది. గెలల మీద మొగుణ్ణి పడుకోబెట్టింది, ఎడమకాలి కట్టు విప్పి పారేసింది. జీపు ఊరూరా ఆగుతూ పోయేది. ఆటో దానికన్నా ముందే ఆసుపత్రికి చేరింది. డాక్టరు ఎముక సరిచేసి కుడికాలికి సిమెంటు కట్టు వేశాడు. "వేళకి తెచ్చావమ్మా. ఇది ఆరేదాకా కదపకపోతే దున్నుకోవచ్చు" అన్నాడు. పైడితల్లికి అప్పుడు కన్నీళ్ళొచ్చాయి. నొప్పికి ఇచ్చిన సూదితో తవిటినాయుడికి నిద్రపట్టింది. ఆమె మందులు తేవడానికి వీధిలోకి వెళ్ళింది.

అప్పుడు దిగారు ముగ్గురూ. "పేషెంటు పేరు?" అన్నాడు కౌంటర్ దగ్గర గుమస్తా. గవరయ్య కాగితం చూసి, "మీ తాత" అన్నాడు.

"మా తాత పోయి ఇరవయ్యేళ్ళయింది!" అని గుమస్తా కస్సుమన్నాడు.

ముగ్గురూ తలపాగాలు తీసి తలలు దించుకున్నారు. "జీపు మరీ అంత ఆలస్యం చేసీసిందా!" అని సింహాచలం వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే వార్డులోకి తొంగిచూస్తే బావ గురక పెడుతున్నాడు. బతికే ఉన్నాడు! పరుగున వెళ్ళారు. దుప్పటి తీశారు. కుడికాలికి తెల్లటి కట్టు.

"కొంప ముంచీసినాడ్రా!" అన్నాడు గవరయ్య. "కాలు మార్చీసినాడు!"

"ఆన్‌లైన్‌లో చదవలేదేమో, పాపం" అన్నాడు దాలినాయుడు. "డాక్టరు మనసు కష్టపెట్టకుండా మనమే సర్దీద్దాం."

కట్టు ఇంకా తడారలేదు. అంతే, ముగ్గురూ తలా ఓ చెయ్యి వేసి దాన్ని కుడికాలి నుంచి ఊడబెరికారు. ఒక్క పోగు పోనివ్వకుండా ఎడమకాలికి చక్కగా చుట్టారు. విరిగిన కాలు అడ్డమొస్తుంటే పక్కకు మడిచి పెట్టారు.

తవిటినాయుడు పెట్టిన కేకకు ఆసుపత్రి కిటికీలు అదిరాయి. చేతిలో మందుల సీసా వదిలేసి పైడితల్లి పరుగెత్తుకొచ్చింది. ఊడిన కట్టు చూసింది, మొగుడి మొహం చూసింది, గోడకు చేరగిలబడింది.

గవరయ్య మెడలో సర్టిఫికెట్ సరిచేసుకున్నాడు. ఎనిమిదో పాఠం గుర్తుకొచ్చింది. రోగి గొంతులో బలం పెరిగితే కోలుకుంటున్నట్టు లెక్క.

"విన్నావా చెల్లీ?" అన్నాడు మురిసిపోతూ. "కొండ మీద ఇంత గట్టిగా అరవలేకపోనాడు."