పద్యాల గదిలో శ్రోత

కోటిరత్నానికి గొంతు పోయి ఏడాది దాటింది. మెడలో లేచిన గడ్డకు ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, ప్రాణం దక్కింది, మాట మాత్రం గుసగుసగా మిగిలింది. ముప్ఫై నాలుగేళ్ళు పద్యనాటకాల్లో రాణి వేషాలు కట్టిన మనిషి ఆవిడ. రాగం తీస్తే మైకు ఆగిపోయినా చివర చాప మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేదని రేపల్లె చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటిది, ఇప్పుడు వీధిలో పోయే కూరగాయల బండిని ఆపాలన్నా గిన్నె మీద గరిటెతో కొట్టాల్సి వస్తోంది.

పొన్నూరులో ఆవిడ అభిమాని ఒకాయన ఉన్నాడు. కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన ఒకరోజు ఆవిడ ఫోనుకు ఒక లింకు పంపించాడు. పద్యనాటకాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఒకచోట చేరి కబుర్లాడుకునే చాట్ గదికి అది దారి. పేరు పద్యాల గది. ఊరూరి నుంచీ రెండు వందల మంది దాకా ఉన్నారట. అందులో ఎవరూ పాడరు, మాట్లాడరు. ఏం చెప్పినా అక్షరాల్లోనే. గొంతుతో పని లేదు కాబట్టి తప్పకుండా రమ్మని రాశాడాయన.

గొంతుతో పని లేదన్న మాటకు కోటిరత్నం ప్రాణం లేచొచ్చింది. లింకు నొక్కితే ఏ పేరుతో వస్తారని అడిగింది. ఆవిడ 'రంగస్థల రాణి కోటిరత్నం' అని ఇచ్చింది. గది తెరుచుకుంది. అన్నిటికన్నా పైన ఒక గమనిక ఉంది. కొత్తవాళ్ళు ముందు కాసేపు ఇక్కడి మాటలు చదవాలనీ, పరిచయం రాసుకోవడానికి పక్కన వేరే గది ఉందనీ దాని సారాంశం. అది కొత్తవాళ్ళకు కదా అనుకుని ఆవిడ కిందికి జరిపేసింది.

మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన సంగతంతా రాసింది. ఎన్ని ఊళ్ళలో ఆడిందీ, ఎన్ని బిరుదులు అందుకున్నదీ, ఏ పరిషత్తులో వెండి కిరీటం పెట్టించుకున్నదీ, ఏ ఊళ్ళో ఒకే పద్యం మూడుసార్లు పాడించుకున్నదీ ఏదీ వదల్లేదు. సాయంత్రం అయిదింటికి గదిలో పెట్టింది.

రెండు దణ్ణం బొమ్మలు వచ్చాయి. ఒకరు నమస్కారమమ్మా అన్నారు. ఆ తర్వాత ఎవరో పాతకాలపు నాటకాల తెరల మీద బొమ్మలు వేసే పనివాళ్ళ సంగతి ఎత్తుకున్నారు. అందరూ అటు వెళ్ళిపోయారు. ఆవిడ దీపాలు పెట్టేవేళ దాకా ఫోను చూస్తూనే కూర్చుంది.

చూడలేదేమోనని మర్నాడు అదే మళ్ళీ పెట్టింది. ఈసారి కిరీటం పెట్టుకున్న ఫొటో కూడా జత చేసింది. ఆ గది బాగోగులు చూసే టీచరమ్మ వెంటనే జవాబిచ్చింది. పరిచయాల గదిలోకి మార్చాననీ, అక్కడైతే పదిలంగా ఉంటుందనీ మర్యాదగానే రాసింది. కోటిరత్నానికి మాత్రం స్టేజీ మీంచి చెయ్యి పట్టుకుని దింపేసినట్టు అనిపించింది. గది వదిలి బయటికి వచ్చేసింది.

మూడోనాడు దరియా హుస్సేన్ మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

మాస్టారికి ఎనభై దాటాయి. పదహారో ఏట ఆవిడకు మొదటి పద్యం నేర్పింది ఆయనే. ఆ తర్వాత ఆవిడ ఆడిన ప్రతి నాటకానికీ హార్మోనీ వాయించిందీ ఆయనే. సైకిల్ షాపు వెనక ఒక్క గదిలో ఉంటాడు. ఆవిడ వెళ్ళేసరికి హార్మోనీ మూత విప్పి, చిన్న బ్రష్షుతో లోపలి రీడ్లకు పట్టిన దుమ్ము దులుపుతున్నాడు.

ఎదురుగా కూర్చుని జరిగిందంతా గుసగుసగా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి మంచినీళ్ళు తాగింది. అంతా అయ్యాక అడిగింది.

"గొంతుంటేనే నేను మనిషినా మాస్టారూ?"

ఆయన బ్రష్షు కింద పెట్టాడు.

"నువ్వు వెళ్ళేసరికి వాళ్ళు దేని గురించి మాట్లాడుకుంటున్నారు రత్నం?"

ఆవిడకు గుర్తు రాలేదు. నిజానికి చూడనే లేదు.

మాస్టారు చేతులు లుంగీకి తుడుచుకుని ఫోను ఇమ్మన్నాడు. ఆ లింకు తెరవమన్నాడు. అది మళ్ళీ పేరు అడిగింది. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని, చూపుడువేలుతో అక్షరాలు వెతికి వెతికి 'శ్రోత' అని కొట్టాడు. ఒత్తు ఎక్కడుందో దొరక్క కొంతసేపు పట్టింది.

"మీరు శ్రోత ఏమిటి?" అంది కోటిరత్నం.

"అరవై ఏళ్ళుగా హార్మోనీ ముందు కూర్చుని ఇంకేం చేశాననుకున్నావు?"

గదిలోకి వెళ్ళాక ఆయన ఏమీ రాయలేదు. వేలితో మాటల్ని కిందికి లాగుతూ మూడు రోజులు వెనక్కి వెళ్ళాడు. అక్కణ్ణించి వరసగా, వినపడేలా చదవడం మొదలుపెట్టాడు, తాపీగా, ఒక్కొక్కరి పేరూ చెబుతూ.

నిజామాబాదు నుంచి నర్మద అనే ఆవిడ రాసింది. బస్సు కండక్టరు. పద్యాలు చెప్పేవాళ్ళు దగ్గర్లో ఎవరూ లేక రికార్డింగులు విని నేర్చుకుంటోంది. వచ్చే ఆదివారం డిపో వార్షికోత్సవంలో మొదటిసారి నలుగురిలో పాడబోతోంది. సీసపద్యం మూడో పాదంలో రాగం తీసేసరికి ఊపిరి అయిపోతోంది, ఎక్కడ ఆపుకోవాలో ఎవరైనా చెబుతారా అని అడిగింది. ఏ పద్యమని ఎవరో అడిగితే మొదటి మాట రాసింది.

ఆ మాట వినగానే కోటిరత్నం నడుము నిటారైంది. తను కొన్ని వందలసార్లు పాడిన పద్యం.

మాస్టారు చదువుతూ పోయాడు. పెరుగు మానేయమని ఒకరు చెప్పారు. సాధన చేస్తే అదే వస్తుందని ఇంకొకరు. మూడో ఆయన ఆ పాదం రాసి ఎక్కడ ఆగాలో చూపిస్తానంటూ మొదలుపెట్టాడు. అక్కడ, ఆ మాటల నడుమ, తెరనిండా కోటిరత్నం పరిచయం వచ్చి పడింది.

మాస్టారు దాన్నీ చదివాడు. గొంతు మార్చకుండా, ఒక్క బిరుదు కూడా వదలకుండా. చాలాసేపు పట్టింది. మధ్యలో ఆవిడ చాలన్నట్టు చెయ్యి చాపింది. ఆయన చూడలేదు.

తర్వాత దణ్ణాలు, నమస్కారం, తెరల కబుర్లు. పాదం రాసి చూపిస్తానన్న ఆయన మళ్ళీ రాలేదు. మర్నాడు మాత్రం నర్మద ఒక్క ముక్క రాసింది, "నేను అడిగింది ఎవరికైనా కనపడిందా?" అని. ఆ కిందే, కోటిరత్నం పరిచయాన్నీ ఫొటోనూ పక్క గదికి మార్చానన్న టీచరమ్మ మాట. ఆ తర్వాత ఆ ప్రశ్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

మాస్టారు ఫోను కోటిరత్నం ఒళ్ళో పెట్టాడు.

నర్మదకు మీరే జవాబు చెప్పండి మాస్టారూ అంది ఆవిడ.

"నేను వాయించేవాణ్ణి. ఊపిరి సంగతి నాకేం తెలుసు?"

కోటిరత్నానికి తెలుసు. మూడో పాదం సగం దాటాక, పేరు పెట్టి పిలిచే మాటకు ముందు, ఆవిడ కుడిచెయ్యి ఎత్తేది. జనం ఆ చెయ్యినే చూసేవాళ్ళు, అభినయం అనుకునేవాళ్ళు. ఆ రెప్పపాటులో ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకునేది. తోటి నటులు ఎంత అడిగినా ఆ కిటుకు చెప్పలేదు. అది తనతోనే పోవాలనుకుంది.

"ఇది ఎవరికీ చెప్పలేదు మాస్టారూ."

"నాకూ చెప్పలేదు. నువ్వు చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆ సందు తెలియకుండా నేను ఒక స్వరం ఎక్కువసేపు పట్టుకునేవాణ్ణి."

ఆవిడ ఆయన వంక చూసింది. ముప్ఫై నాలుగేళ్ళు. ఒక్కనాడూ ఆ స్వరం ఆవిడ చెవిన పడలేదు.

రాయడానికి పద్యం ఒకసారి నడిపి చూసుకోవాల్సి వచ్చింది. పెదాలతోనే అనుకుంటూ పోయింది. మూడో పాదం దగ్గరికి వచ్చేసరికి కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఊపిరి కూడా వచ్చింది, ఎప్పటిలాగే, ఛాతీ నిండా. గొంతు లేదు గాని అది మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆవిడ కాసేపు అలాగే చెయ్యి ఎత్తి కూర్చుంది.

తర్వాత రాసింది. ఏ మాట ముందు ఆగాలో, చెయ్యి ఎప్పుడు ఎత్తాలో, ఎత్తేటప్పుడు భుజం బిగించకూడదనీ. నాలుగు వాక్యాలు. 'శ్రోత' అన్న పేరు మీదే అవి గదిలోకి వెళ్ళాయి.

రెండు నిమిషాల్లో నర్మద పలికింది. ఇప్పుడే డ్యూటీ దిగానంది. ఉండండి, పాడి చూసి వస్తానంది.

ఆ తర్వాత తెర మీద ఏమీ లేదు. ముందున్న సైకిల్ షాపులో ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. కోటిరత్నం కదలకుండా ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. ఎక్కడో నిజామాబాదులో, తను చూడని ఒక ఇంట్లో, ఎవరో రెండో పాదం ముగించి ఉంటారు. మూడోది ఎత్తుకుని ఉంటారు. ఆవిడ తన ఊపిరి బిగబట్టుకుంది.

నర్మద వచ్చింది.

"ఊపిరి అయిపోలేదండీ. చివరిదాకా వచ్చింది."

కోటిరత్నం కళ్ళు తుడుచుకుంటుండగా ఇంకో ముక్క కనపడింది.

"మీరు ఎవరండీ?"

ఆవిడ రెండు అక్షరాలు కొట్టి, చెరిపేసి, ఏం చెయ్యమంటారన్నట్టు మాస్టారికేసి చూసింది. ఆయన మళ్ళీ బ్రష్షు అందుకుని రీడ్ల మీదికి వంగాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఇప్పుడు అడిగింది. చెప్పు."