ఆదెమ్మ కంట్లో ఖాళీ జాగా

ఇది సగం పాఠం విని పూర్తి పండితుడైపోయిన ఒక నక్క కథ.

గెడ్డవలస ఊరి చివర బడి ఉంది. అందులో మూడు రోజులపాటు కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. పెద్ద డాక్టరు గారు తీరిక దొరికినప్పుడల్లా తనతో వచ్చిన చిన్న డాక్టర్లని కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు. గుమ్మడికాయంత ప్లాస్టర్ కన్ను ఒకటి, చేటంత చెవి ఒకటి బల్ల మీద పెట్టి, పనసకాయ వలిచినట్టు విప్పి చూపించేవారు. ట్యూబులైటు పక్కన కాపురముండే ముసలి బల్లి ఆ మూడు రోజులూ పురుగుల్ని వదిలేసి పాఠమే వింది.

క్యాంపు ఎత్తేసిన మర్నాడు పొద్దున్నే, పారేసిన అన్నం కోసం నక్క బడి వెనక్కి వచ్చింది. కిటికీ చువ్వ మీద బల్లి కనిపించింది.

"ఏం తాతా, ఇలా చిక్కిపోయావు?"

"తిండి మీద ధ్యాస పోయిందిరా. మనిషి మొహంలో ఏమేం అమర్చి ఉన్నాయో విన్నాక ఇంక ఈగలేం రుచిస్తాయి?"

"మొహంలో ఏముంటాయి? రెండు కళ్ళు, ఒక ముక్కు. నాకూ ఉన్నాయి."

బల్లికి ఒళ్ళు మండింది. నక్కని కూర్చోమని చెప్పి ముందు చెవి సంగతి చెప్పింది, తర్వాత ముక్కు సంగతి చెప్పింది, ఆఖర్న కంటి దగ్గరికొచ్చింది.

"నల్లగుడ్డు నడుమ కనిపించేది మచ్చ కాదురా, కన్నం. ఎండలో దానంతటదే చిన్నదవుతుంది, మసకలో పెద్దదవుతుంది. దాని వెనక శనగబద్దంత అద్దం. దగ్గరిది చూడాలంటే ఉబ్బుతుంది, దూరంది చూడాలంటే పల్చబడుతుంది. అన్నిటికన్నా వెనక ఒక తెర. లోకమంతా ఆ తెర మీద తలకిందులుగా పడుతుంది."

"తలకిందులుగానా? మరి మనుషులు సరిగ్గానే నడుస్తున్నారు కదా."

"అదేరా వింత. బుర్ర దాన్ని నిలబెట్టి చూసుకుంటుంది. పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా ఒక్క పూట కూడా ఆ పని మానదు. ఆ సంగతి మనిషికే తెలీదు."

నక్క నోరు తెరిచింది. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపు దానికి ఆకలి కూడా గుర్తు లేదు.

"ఇంకోటి విను" అంది బల్లి. "తెర మీది బొమ్మని బుర్రకి మోసుకుపోయే నరం ఒకటుంది. అది తెరలోంచి బయటికి పోయే చోట చూపుండదు. ప్రతి కంట్లోనూ అంత ఖాళీ జాగా ఉంటుంది. ఇరవై అంగల దూరంలో ఒక వస్తువు మీద చూపు నిలిపారనుకో, దానికి ఐదంగలు ఆ కంటి పక్క చెవి వైపుగా నీ అంత జంతువు నిలబడినా ఆ కంటికి కనబడదు."

"మరి అక్కడ నల్లగా కన్నంలా అగుపించదా?"

"అగుపించదు. రెండో కన్ను పూడ్చేస్తుంది. ఒక్క కన్నే ఉంటే బుర్ర పూడ్చుకుంటుంది. చుట్టూ ఎర్రమట్టి ఉంటే అక్కడా ఎర్రమట్టే పూసేస్తుంది."

నక్క చెవులు నిక్కాయి. ఊళ్ళో ముసలి ఆదెమ్మకి ఆ క్యాంపులోనే కుడికంటికి ఆపరేషనై కట్టు కట్టారు. ఆదెమ్మ వాకిట్లో కోడిపెట్ట పొదుగు మీదుంది. నక్క లేచి ఒళ్ళు దులుపుకుంది.

"ఆగరా, అసలు సంగతి ఇప్పుడే మొదలైంది" అని బల్లి పిలుస్తూనే ఉంది. నక్క అప్పటికే కంచె దాటేసింది.

ఆదెమ్మ ఇంటి ముందు పెద్ద వాకిలి. అరుగుకి ఎదురుగా, ఇరవై అంగల దూరంలో పొయ్యి. అరుగు మీంచి చూస్తే పొయ్యికి ఎడమపక్కన కంచెవార గంప, గంపలో గడ్డి, గడ్డిలో పదకొండు గుడ్లు, గుడ్ల మీద చుక్కల పెట్ట. ఆ గంపని ఆనుకునే పశువుల పాక. గుడ్లకి ఆ రోజు ఇరవై ఒకటో రోజు. రెండు గుడ్లు అప్పటికే పిగిలాయి.

కోడలు సన్యాసమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, "అత్తా, పొగ దగ్గరికి రాకు. వంగొద్దని కూడా చెప్పారు కదా. ఆ అరుగు మీంచే చూస్తుండు. పొంగొస్తే కేకెయ్యి, నేను పాకలో పేడ తీస్తుంటాను" అని తట్ట పట్టుకెళ్ళింది. ఆదెమ్మ కట్టు లేని ఎడమకంటితో పాలకుండని కొండ మీద దీపంలా చూస్తూ కూర్చుంది.

నక్క కంచె సందులోంచి చూసి అంగలు లెక్కపెట్టుకుంది. పొయ్యి నుంచి గంపకి సరిగ్గా ఐదు. లోపలికొచ్చి ఒక కాలు వేసి ఆగింది. ఆదెమ్మ కదల్లేదు. ఇంకో కాలు వేసింది. పట్టపగలు, తెరిచిన కంటి ముందు, ఒక నక్క తీరిగ్గా నడిచి గంప దగ్గరికొచ్చి కూర్చుంది.

పెట్ట రెక్కలు దించి గుడ్లని కప్పేసింది.

"అరిచావో, ఒక్క పట్టు" అని గొణిగింది నక్క.

"అరవను అన్నా. అరిచి ఎక్కడికి పోతాను, కింద పిల్లలున్నారు" అంది పెట్ట. లేస్తే గుడ్లు పోతాయి. అరిస్తే సన్యాసమ్మ వచ్చేలోపు మెడ పోతుంది. పాలు పొంగితే ఆదెమ్మ తనంతట తనే కేకేస్తుంది. అందాకా దీన్ని మాటల్లో పెట్టాలి. "కానీ చచ్చేముందు ఒక్కటి చెప్పి పుణ్యం కట్టుకో. ఆవిడ కన్ను తెరిచే ఉంది కదా, ఇలా ఎలా వచ్చావు?"

నక్కకి ఇంతకంటే ఏం కావాలి? పక్కన కూర్చుని అద్దం, తెర, తలకిందుల లోకం, నరం, ఖాళీ జాగా అన్నీ చెప్పుకొచ్చింది. పాల మీద మీగడ ముడతలు పడుతోంది.

"అబ్బ" అంది పెట్ట. "మరి చెవుంది కదా? నీ మాటలు వినబడవా?"

"గుసగుసలు ఇంత దూరం పోవులే. ఆ చెవి లోపల ఏముందో తెలుసా? పల్చటి డప్పుచర్మం. దాని వెనక మూడు ఎముకలు. ఆఖరిది సగం బియ్యపుగింజంత. అది నత్తగుల్ల లాంటి ఓ గదిని తడుతుంది. గది నిండా నీళ్ళు, నీళ్ళలో కంటికి ఆనని నూగు. శబ్దానికి ఆ నూగు ఊగుతుంది. ఆ ఊగడమే పాట, ఏడుపు, పిలుపు, అన్నీను."

"నీళ్ళలో ఊగే నూగా?" పెట్ట ఈసారి నటించలేదు. తను పిల్లల్ని పిలిచే పిలుపు కూడా అలాగే వెళ్తుందా అనుకుంది.

"దాని పక్కనే మూడు వంకర గొట్టాలు. వాటిలోనూ నీళ్ళే. తల ఎటు తిప్పినా ఆ నీళ్ళు కబురు చెప్తాయి. అవి లేకపోతే ఆదెమ్మ అరుగు మీద కూర్చోలేదు, పడిపోతుంది."

పాలు అంచు దాకా లేచాయి.

"ముక్కో అన్నా? నీ కంపు తగలదా?"

"ముక్కు పైకప్పులో గోరంత చోటుంది, వాసన పట్టేది అదే. అది ఉన్న వాసనకి కాసేపట్లో అలిసిపోతుంది. పొద్దుట్నుంచీ పాక కంపు పీలుస్తోంది కదా, ఇంక నాదేం తెలుస్తుంది? నాలుక రుచిలో సగం పైగా ముక్కుదేనట. అందుకే జలుబు చేస్తే పులుసు కూడా—"

పాలు పొంగాయి.

"సన్యాసీ, పాలొచ్చేస్తున్నాయే" అని ఆదెమ్మ పాక వైపు తల తిప్పింది. తల తిప్పితే చూపూ తిరిగింది. ఆ ఎడమకన్ను సూటిగా వచ్చి నక్క మీద వాలింది.

"అన్నా, నిన్నే చూస్తోంది" అంది పెట్ట.

"బెదరకు చెల్లీ. నేనున్నది ఖాళీ జాగాలో. ఇందాకే కొలిచి మరీ కూర్చున్నాను" అని నక్క తోక సర్దుకుంది.

ఖాళీ జాగా ఉన్నది కంట్లో, వాకిట్లో కాదు. కన్ను తిరిగితే అదీ దానితోపాటే వెళ్ళిపోతుంది. బల్లి చెప్పబోయింది ఇదే.

"నక్కే, గంప దగ్గర నక్క" అని ఆదెమ్మ కేకేసింది. సన్యాసమ్మ పాకలోంచి రెండంగల్లో వచ్చి, చేతిలో ఉన్న పేడతట్ట ఉన్నపళంగా నక్క నెత్తిన బోర్లించింది. కళ్ళలో పేడ, చెవుల్లో పేడ, ముక్కులో పేడ. పండితుడికి కంచె సందు కూడా దొరక్క, ముళ్ళలోంచి ఈడ్చుకుంటూ పోయింది. మళ్ళీ ఆ పక్కకి రాలేదు.

పాలు సగం నేలపాలైనందుకు అత్తాకోడళ్ళు ఒకరినొకరు కాసేపు తిట్టుకున్నారు. పెట్ట అదేమీ వినలేదు. కింద గుడ్డు పగిలి, తడితడిగా ఓ పిల్ల బయటికొచ్చి కన్ను తెరిచింది. ఆవగింజంత నల్లటి చుక్క. పెట్ట దానికేసి అలా చూస్తూ ఉండిపోయింది. ఈ అద్దం, ఈ తెర, ఈ నరం, ఇవన్నీ తన పొట్ట కింద, పచ్చసొన లోంచి, చీకట్లో అల్లుకున్నాయి. తను చేసింది కదలకుండా కూర్చోవడమే. ఎవరు అల్లారో దానికి అంతుపట్టలేదు, భయమూ సంతోషమూ కలిసి ఒళ్ళు జలదరించింది.

నీతి: ఎంత గొప్ప సంగతైనా సరే, చివరిదాకా వినకుండా దాని మీద ప్రాణం పెట్టకూడదు.