దొరల నుడికారంలో నీళ్ళు అడిగిన భీమన్న

కొండలకూ సముద్రానికీ నడుమ ఒకానొక సంస్థానం ఉండేది. పేరు నందిగుమ్మి. అది ఎంత చిన్నదంటే, రాజుగారి బిరుదులు చదవడం మొదలుపెట్టి గుర్రం మీద బయలుదేరితే, బిరుదులు పూర్తయ్యేలోగా పొలిమేర దాటిపోయేవారు.

రాజుగారి పేరు నీలాద్రి నరేంద్ర బహద్దూర్. మంచివాడే. చివరగా ఎవరు చెప్పింది వింటే అదే నిజమనుకునేవాడు, అంతే.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. రాజు గద్దె మీద కూర్చుని, గద్దె చేతిని అరచేత్తో ఒక్కటి చరిచాడంటే, ఆ వెంటనే నోటి నుంచి వచ్చేదంతా ఉత్తర్వు. సింహద్వారం దగ్గర డప్పు పట్టుకుని నిలబడే పైడయ్య దాన్ని ఉన్నది ఉన్నట్టు ఊరికి చాటేవాడు. తనంతట తాను ఒక్క అక్షరం కలిపేవాడు కాదు, ఒక్కటి మింగేవాడూ కాదు. వెనకటి రాజుగారు ఒకసారి దోమను కొట్టబోయి గద్దె చరిచి, "ఈ వేళ చారులో ఉప్పు లేదు" అన్నారట. ఆ పూట ఊరంతా ఉప్పు లేని చారే తాగింది. ఉత్తర్వు మరి.

ఒక వేసవిలో నీలాద్రి రాజుగారు చెన్నపట్నం వెళ్ళారు. వచ్చేటప్పుడు ఒక గడియారాన్నీ, ఒక సీమకుక్కనూ, ఒక దివానునూ వెంట తెచ్చుకున్నారు. గడియారం ఆగిపోయింది. కుక్క పారిపోయింది. దివాను ఉండిపోయాడు.

ఆ దివాను పేరు పరాంకుశం పంతులు. చెన్నపట్నంలో దొరల బంగళా వెనక సందులో చాలాకాలం కాపురం ఉన్నాడట. ఆయనకు ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చునని అందరికన్నా ముందు ఆయనే ఒప్పుకున్నాడు.

"మహాప్రభూ, మాటలాడితే దొరలే మాటలాడాలి" అనేవాడు దివాను. "ఎడతెగకుండా మాట్లాడేవాణ్ణి వాళ్ళు 'గాడిద వెనక కాలు ఊడేదాకా మాట్లాడాడు' అంటారు. నోరు మెదపనివాణ్ణి 'నీ నాలుక పిల్లి ఎత్తుకుపోయిందా' అంటారు. గుట్టు బయటపెట్టినవాణ్ణి 'చిక్కుడు గింజలు ఒలకబోశాడు' అంటారు. ఎంత నాగరికం! మాటల గురించి మన తెలుగులో ఏం మాటలున్నాయి ప్రభూ? ఎడ్లను అదిలించడానికైతే సరిపోతుంది ఈ భాష."

రాజుగారు గద్దె చేతిని చరిచారు. "ఇకమీదట కొలువులో విన్నపం చేసుకునేవాళ్ళు దొరల నుడికారాన్ని తెలుగు చేసి మాట్లాడాలి. నాటు నుడికారం ఒక్కటి దొర్లినా ఆ విన్నపం చెల్లదు" అన్నారు.

పైడయ్య డప్పు వేసి చాటాడు.

ఊళ్ళో ఎవరికీ దొరల నుడికారం తెలియదు. కాబట్టి విన్నపాలు ఆగిపోయాయి. విన్నపాలు ఆగిపోయాయి కాబట్టి రాజ్యంలో కష్టాలే లేవని దివాను చెప్పాడు. రాజుగారు సంతోషించారు. అంతఃపురంలో రాణీగారు కూడా ఈ కొత్త మాటలు నేర్చుకుని, పలకకుండా నిలబడ్డ వంటమనిషి సూరమ్మను, "ఏమే, నీ నాలుక పిల్లి ఎత్తుకుపోయిందా?" అని అడిగారు. సూరమ్మ వంటింట్లోకి పరుగెత్తి, పాలగిన్నె మూత తీసి చూసి, వెనక్కి వచ్చి, "పిల్లి ఇటేపు రాలేదమ్మగారూ" అని చెప్పింది.

అంతదాకా నవ్వులాటే. ఆశ్వయుజం వచ్చాక నవ్వులాట పోయింది.

కలెక్టరు దొరగారు బాతుల వేటకు వస్తున్నారని కబురొచ్చింది. దొరగారు పడవలో తిరగాలంటే చెరువు నిండుగా ఉండాలని దివాను చెరువు తూము మూయించాడు. ఆ తూము కింద చినగెడ్డ అనే ఊరుంది. ఊరి వరి అంతా పొట్ట మీద ఉంది. వెన్ను బయటికి వచ్చే వేళ నీళ్ళు లేకపోతే మిగిలేది గడ్డే. మడులు అప్పటికే నెర్రెలు విచ్చుతున్నాయి.

చినగెడ్డ పెద్దరైతు గొర్లె సన్యాసి కొలువుకొచ్చి దణ్ణం పెట్టాడు.

"బాబూ, మహాపెబో, కుండబద్దలు కొట్టినట్టు సెప్పీస్తన్నాను. తూము తియ్యకపోతే మా ఊరు..."

"ఆగు!" అన్నాడు దివాను. "కుండబద్దలు! నాటు నుడికారం. విన్నపం చెల్లదు."

సన్యాసికి ఏం తప్పు జరిగిందో అర్థం కాలేదు. చుట్టూ చూశాడు. పగిలిన కుండ ఎక్కడైనా ఉందేమోనని దివాను కాళ్ళ దగ్గర కూడా చూశాడు. భటులు మర్యాదగా రెక్క పట్టుకుని బయటికి పంపారు.

ఆ కొలువులో మండా భీమన్న అని ఒకాయన ఉండేవాడు. రాజుగారికి కబుర్లు చెప్పడం ఆయన ఉద్యోగం. దివాను వచ్చినప్పటి నుంచీ ఆ ఉద్యోగం లేదు, కొలువులో కూర్చోవడం మాత్రం ఉంది. మనిషి ఈనెపుల్లలా ఉంటాడు. పెళ్ళి భోజనాల్లో చివరి బంతిదాకా కూర్చుంటాడని ఊళ్ళో అంటారు గాని, అది అసూయ. ఆయన మొదటి బంతిలో కూడా కూర్చుంటాడు.

భీమన్న లేచి నిలబడ్డాడు. "ప్రభూ, సన్యాసి తరఫున నేను విన్నవిస్తాను. దొరల నుడికారంలోనే."

దివాను ముసిముసిగా నవ్వాడు. "భీమన్నగారికి ఆ విద్య ఎప్పుడు అబ్బిందో!"

"తమరు రోజూ వాగుతుంటే... క్షమించాలి, సెలవిస్తుంటే, గోడలకు కూడా వచ్చేసింది పంతులుగారూ."

రాజుగారికి సరదా వేసింది. "సరేనోయ్. నీ నోట నాటు నుడికారం ఒక్కటి దొర్లినా, కోతలయ్యేదాకా ఆ తూము ఊసు ఎవరూ ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?"

సన్యాసి ఇంకా ద్వారం దగ్గరే నిలబడి ఉన్నాడు. "వద్దు బాబూ" అన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఒప్పుకున్నాను" అన్నాడు భీమన్న. ఉత్తరీయం సర్దుకుని మొదలుపెట్టాడు.

"ప్రభువులు నాకు తమ చెవిని అప్పివ్వాలి. ముందుగా మంచు పగలగొడతాను."

"మంచేమిటి? ఎక్కడుంది?" అన్నారు రాజుగారు.

"కొత్తవాళ్ళతో మాట కలపడాన్ని దొరలు అలా అంటారు ప్రభూ" అని దివాను వివరించాడు.

"వీడు నాకు కొత్తవాడా? నా పెళ్ళిలో పల్లకీ వెంట నడిచాడు!"

"అయినా పగలగొట్టాలి ప్రభూ, పద్ధతి" అన్నాడు భీమన్న. "ఈ వేళ ఎండ బాగుంది. నిన్న కూడా బాగుంది. మొన్న మబ్బు పట్టింది గాని వాన పడలేదు. దొరలు వాతావరణం ముచ్చటించనిదే అసలు సంగతికి రారు. అటు మొన్న..."

అటు మొన్నటి ఎండా అయింది. అంతకు ముందటి వానా అయింది. కొలువు గోడమీద నీడ కిందికి దిగింది. భీమన్న గొంతు సవరించుకుని, "గొంతులో కప్ప పడింది ప్రభూ" అన్నాడు.

"అయ్యయ్యో, వైద్యుణ్ణి పిలవండి!" అన్నారు రాజుగారు.

"నిజం కప్ప కాదు ప్రభూ, గొంతు బొంగురుపోతే దొరలు..." అన్నాడు దివాను. ఆయనకు చెమట పడుతోంది.

"ఇక అసలు సంగతి" అన్నాడు భీమన్న. రాజుగారు ముందుకు వంగారు. "దాన్ని నేరుగా చెప్పడం నాగరికం కాదు కనక, ముందు కాసేపు పొద చుట్టూ కొడతాను."

"పొదా?"

"సంగతి లోపల కుందేలులా దాక్కుని ఉంటుంది ప్రభూ. మనం చుట్టూ కొడుతూ ఉండాలి. ఒక ఊరుంది. ఊరన్నాక ఇళ్ళుంటాయి. ఇళ్ళన్నాక చూరు ఉంటుంది. చూరు కింద..."

"ఏముంది?"

"అది చెబితే చిక్కుడు గింజలు ఒలికిపోతాయి ప్రభూ."

"ఒలకబొయ్యవయ్యా!"

"ఇంకా గాడిద కాలు ఊడలేదు ప్రభూ. వదులైంది, అంతే. దివానుగారూ, ఎంతసేపట్లో ఊడుతుంది?"

దివాను జవాబు చెప్పలేదు. భీమన్న జాలిగా చూశాడు. "పాపం, పంతులుగారి నాలుక పిల్లి ఎత్తుకుపోయింది."

భోజనం వేళ దాటింది. ఆ రోజు గుత్తివంకాయ కూర. వాసన వంటింటి నుంచి కొలువుదాకా వచ్చి, కాసేపు ఆగి, ఎవరూ లేవకపోయేసరికి తిరిగి వెళ్ళిపోయింది. భీమన్న చూరు దగ్గరి నుంచి పిచ్చుకకూ, పిచ్చుక నుంచి గింజకూ, గింజ నుంచి మళ్ళీ ఎండకూ వచ్చాడు.

రాజుగారి ముఖం ఎర్రబడింది. కనుబొమలు కలుసుకున్నాయి. గద్దె చేతిని పెళ్ళున చరిచి అరిచారు.

"ఒరే భీమన్నా! ఆపరా నీ సోది! పొద్దుటినుంచీ వసపిట్టలా వాగి నా ప్రాణం తోడేస్తున్నావు. ఈ డొంకతిరుగుడు మాటలు ఇక నా కొలువులో ఎవడూ మాట్లాడకూడదు! మనిషన్నవాడు ముక్కుసూటిగా చెప్పాలి. నీకు కావలసింది నీళ్ళేగా? తూము తీయించుకుని పోండి, నా చెవుల తుప్పు వదిలించకండి!"

సింహద్వారం దగ్గర డప్పు మోగింది.

"వినండహో! ఒరే భీమన్నా, ఆపరా నీ సోది! పొద్దుటినుంచీ వసపిట్టలా వాగి నా ప్రాణం తోడేస్తున్నావహో! ఈ డొంకతిరుగుడు మాటలు ఇక నా కొలువులో ఎవడూ మాట్లాడకూడదహో! మనిషన్నవాడు ముక్కుసూటిగా చెప్పాలహో! నీకు కావలసింది నీళ్ళేగాహో! తూము తీయించుకుని పోండి, నా చెవుల తుప్పు వదిలించకండహో! ఇది రాజుగారి ఉత్తర్వహో!"

సన్యాసి అప్పటికే లేడు. ఆ వయసులో అంత పరుగు ఉంటుందని వాళ్ళావిడకు కూడా తెలియదట. వీధిలో జనం సంబరంగా కేకలు వేశారు. రాజుగారు ఇన్ని నెలల తరవాత మనిషిలా మాట్లాడారని ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

దివాను తేరుకున్నాడు. "ప్రభూ, అది కోపం, ఉత్తర్వు కాదు! రద్దు చేయండి!"

రాజుగారి చెయ్యి గద్దె మీదికి లేచింది. గాలిలోనే ఆగింది.

"ఏమిటోయ్ భీమన్నా, నా చేత అనిపించావా ఇదంతా?" అన్నారు నెమ్మదిగా.

"నేను దొరల నుడికారం దాటలేదు ప్రభూ. తమరే దాటారు. అందులో తప్పేమీ లేదు" అన్నాడు భీమన్న. "దొరల మాటలు దొరలకు అందమే. వాళ్ళ దేశంలో మంచు పడుతుంది, పగలగొట్టుకుంటారు. పొదల్లో వేటాడతారు, చుట్టూ కొట్టుకుంటారు. మన బండి నడిచేది డొంకలో. అది ఎన్ని వంకరలు తిరుగుతుందో ఎడ్లకు తెలుసు, మనకు తెలుసు. అందుకే తమరికి కోపం రాగానే నోటికి డొంకే వచ్చింది, పొద రాలేదు. తమరికి మాటలు రావాలని పసితనంలో పెద్దరాణీగారు వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశారు. ఆ నాలుక మీదికి వసపిట్ట ఎగిరి వచ్చి వాలడానికి ఎంతసేపు? మాటల గురించి తెలుగులో మాటలు లేవన్నారు పంతులుగారు. తమరు ఒక్క గుక్కలో ఎన్ని అన్నారో పైడయ్యను అడగండి, అప్పజెబుతాడు."

రాజుగారు తన నోట వచ్చిన మాటలు తనలో తాను మళ్ళీ ఒకసారి అనుకున్నట్టున్నారు, పెదవులు కదిలాయి. వాటి రుచి బాగానే ఉన్నట్టుంది. లేచిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నారు.

"తూము తెరిచే ఉండనీ. పదండి, భోజనానికి" అన్నారు. కాని ముఖంలో దిగులు పోలేదు. చెరువు తగ్గితే కలెక్టరు దొరకు కోపం వస్తుందేమోనని.

చినగెడ్డ వరి వెన్ను వేసింది. దొరగారు వచ్చారు. చెరువు తగ్గి, అంచుల్లో బురద తేలి, ఆ బురదలోకి బాతులు మందలుగా దిగి ఉన్నాయి. దొరగారు పడవే ఎక్కలేదు. గట్టు మీది నుంచే వేట బ్రహ్మాండంగా సాగింది.

సాయంత్రం గుడారంలో దివాను దొరగారి ముందు నిలబడి ఇంగ్లీషులో స్వాగతోపన్యాసం మొదలుపెట్టాడు. మంచు పగలగొట్టాడు. పొద చుట్టూ కొట్టాడు. దీపాలు పెట్టినా కొడుతూనే ఉన్నాడు. దొరగారు ముందు తల ఊపారు, తరవాత గడియారం చూశారు, ఆ తరవాత ఆవలింత మింగారు.

ఆ దొర పన్నెండేళ్ళుగా తెలుగు జిల్లాల్లోనే ఉద్యోగం చేస్తున్నాడని ఎవరూ విచారించలేదు. ఆయన రాజుగారి వైపు వంగి, శుభ్రమైన తెలుగులో మెల్లగా అడిగాడు:

"రాజుగారూ, ఈయన సోది ఎప్పుడు ముగిస్తారండీ?"

రాజుగారు ముందు దొర ముఖం చూశారు. తరవాత దివాను ముఖం చూశారు. ఇక ఆపుకోలేకపోయారు. తలపాగా జారేలా, కళ్ళ నీళ్ళు వచ్చేలా, కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. నవ్వుతూనే లేచి, తన భుజాన ఉన్న సరిగంచు శాలువా తీసి, వెనకే నిలబడి ఉన్న భీమన్న భుజాన కప్పారు. చెరువు కింద పల్లపు మడి ఒకటి ఇనాముగా రాయించారు. పోయిన ఉద్యోగం కూడా ఆ క్షణాన్నే తిరిగి ఇచ్చారు.

"ఏదోయ్ భీమన్నా, దొరగారికి మన తెలుగులో ఒక కబురు చెప్పు" అన్నారు గర్వంగా.

దొరగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. దివాను ఇంకా నిలబడే ఉన్నాడు. ఉపన్యాసం సగంలో ఉంది మరి.