పొరుగు రాజ్యపు పులి

పూర్వం ఒక రాజు తన అడవిలో పులులు తరిగిపోతున్నాయని, పులిని చంపినవాడికి ఉరిశిక్ష అని చాటించాడు. పులులు పెరిగాయి. ఒక ఏడు వానల్లేక బీళ్లు ఎండిపోయాయి. ఆవులను అడవి అంచుకు తోలుకెళ్లిన కాటయ్యను పులి చంపేసింది.

అతని భార్య ఈరమ్మ వనాధికారి దగ్గరకు వెళ్లింది. "అయ్యా, మీ పులి నా మొగుణ్ణి పొట్టన పెట్టుకుంది. అడవి అంచున కంచె వేయించండి" అని అడిగింది.

ఈ సంగతి రాజు చెవిన పడితే కొలువు పోతుందని అధికారి భయం. "మన పులులు మనుషుల జోలికి రావు. అది పొరుగు రాజ్యపు పులి. దాంతో మాకేం సంబంధం?" అన్నాడు.

ఈరమ్మ కళ్లు తుడుచుకుంది. "అలాగేనయ్యా. ఆ మాటే రాసి ముద్ర వేసివ్వండి. పరాయి పులిని చంపితే ఉరి ఉండదు కదా. మావాళ్లు బల్లేలతో బయటే ఉన్నారు."

అధికారి ముఖం పాలిపోయింది. ఆ ముద్ర చూపి పులిని చంపితే ముందు ఉరికంబం ఎక్కేది తనే.

"ఆగమ్మా! అది మన పులే!"

"అయితే కంచె వేయాల్సిందీ మీరే."

నెల తిరక్కుండా కంచె లేచింది. ఊరంతా ఆమె తెలివిని మెచ్చుకుంది.

"పోయినేడు దూడను ఎత్తుకుపోయినప్పుడే అడిగాం. అప్పుడే వేసుంటే ఆయన ఉండేవాడు" అని ఈరమ్మ ఆవులను తోలుకుంటూ వెళ్లిపోయింది.