జానెడు పెరిగిన చక్రం

అనగా అనగా, మరీ అంత పాతకాలం కాదు, గుర్రాలు పోయి డీజిల్ బండ్లు వచ్చిన కాలంలోనే, ఒక కొండదారి ఉండేది. ఆ దారికి కిందివైపు కావలిపల్లె, పైవైపు సంతపేట. కావలిపల్లెలో సిద్దప్ప అనే వర్తకుడు ఉండేవాడు. చుట్టుపక్కల పండిన చింతపండు, వేరుశనగ, ఎండుమిరప కొని, తన పికప్ బండిలో సంతపేటకు పంపేవాడు.

ఆ బండి నడిపేవాడి పేరు దస్తగిరి. పదకొండేళ్లుగా అదే సీటు, అదే దారి. ఆ పదకొండేళ్లలో ఒక్క బస్తా తడవలేదు, ఒక్క మేకపిల్ల చక్రాల కింద పడలేదు. పోనూ రానూ నూట పన్నెండు కిలోమీటర్లు. ఎనిమిది లీటర్ల డీజిల్ పోస్తే వెళ్లి వచ్చేది. ఎండాకాలమైనా అంతే, వానాకాలమైనా అంతే.

ఒక గురువారం సిద్దప్ప కూడా సంతకు వెళ్లాడు. అక్కడ ఎవరిదో ఒక బండి నిలబడి ఉంది. ఏనుగు కాళ్లలాంటి చక్రాలు. ఎత్తైన ఒళ్లు. దాని చుట్టూ జనం మూగి ఉన్నారు. పక్కనే ఉన్న తన బండి వైపు ఒక్కరైనా తిరిగి చూడలేదు.

ఆ చిన్నతనం సిద్దప్ప మనసులో ముల్లులా దిగింది. మరునాడే దస్తగిరిని వెంటబెట్టుకుని, పట్నంలో బండ్లకు సింగారం చేసే దుకాణానికి వెళ్లాడు.

దుకాణంవాడు మూడు పనులు చేశాడు. పాత చక్రాలు తీసి, లోతైన పళ్లున్న పెద్ద చక్రాలు నాలుగు వేశాడు. బండి బరువు మోసే కమాన్‌పట్టీలు పెంచి బండిని జానెడు ఎత్తు లేపాడు. ముందర ఒక ఇనుప కమ్మీల చట్రం బిగించాడు.

దస్తగిరి మెల్లగా అన్నాడు. "సావుకారూ, పాత చక్రాలు బాగానే ఉన్నాయి గదా. ఇంత బరువు పెడితే డీజిల్ ఎక్కువ తాగుతుందేమో."

దుకాణంవాడు నవ్వాడు. "ఎక్కువ ఎందుకు తాగుతుంది? పొడుగు కాళ్లవాడు పెద్ద అంగలు వేస్తాడు. పెద్ద చక్రం ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది. డీజిల్ మిగులుతుంది, చూడండి."

ఆ మాట సిద్దప్పకు తేనెలా తోచింది. మనకు నచ్చిన పనికి ఎవరైనా ఒక కారణం చూపిస్తే, ఆ కారణాన్ని మనం తిరగేసి చూడం గదా!

బండి ఊళ్లోకి వచ్చింది. పిల్లలు వెంటపడ్డారు. అరుగుల మీద పెద్దలు లేచి నిలబడ్డారు. సిద్దప్ప మీసం ఆ వారమంతా కిందికి దిగలేదు.

వారం తరువాత ఒక సంగతి బయటపడింది. ఎనిమిది లీటర్లకు వెళ్లి వచ్చే బండికి ఇప్పుడు పది లీటర్లు పడుతోంది.

సిద్దప్ప మొదట డీజిల్ పోసే బంకును అనుమానించాడు. కొలత డబ్బా తెప్పించి ఐదు లీటర్లు పట్టించాడు. చుక్క కూడా తగ్గలేదు.

తరువాత ఇంజన్ను అనుమానించాడు. మెకానిక్కును పిలిపించాడు. అతడు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అన్నీ విప్పి చూసి, "ఇంజన్ గుండ్రాయిలా ఉంది. దీనికి ఏ జబ్బూ లేదు" అన్నాడు.

ఇక మూడోదిగా మిగిలింది మనిషి.

ఆ మూడో అనుమానంతో సిద్దప్ప బండిలోని మీటరు చూశాడు. బయలుదేరేటప్పటి అంకె రాసుకున్నాడు, వచ్చాక మళ్లీ చూశాడు. నూట పన్నెండు పెరగాల్సిన చోట నూరే పెరిగింది! దారి కుంచించుకుపోతుందా? పోదు. డీజిలేమో ఎక్కువ కాలింది, మీటరేమో తక్కువ తిరిగింది. అంటే దస్తగిరి మీటరు తీగ పీకేసి, ఎవరికో దొంగతనంగా బాడుగకు తోలి వస్తున్నాడన్నమాట!

మరుసటి గురువారం నిండు సంతలో, హమాలీలు, రైతులు, తోటి వర్తకులు చూస్తుండగా సిద్దప్ప గొంతెత్తాడు. "దస్తగిరీ! మీటరు తీగ పీకి ఎవరి సరుకు తోలుతున్నావు?"

దస్తగిరి భుజం మీది బస్తా దించాడు. "నేను తీగ ముట్టలేదు సావుకారూ. చక్రాలు మార్చినప్పటినుంచే ఇట్లా ఉంది. ఒకసారి వాటిని చూడండి."

"దొంగతనం నువ్వు చేసి నెపం నా చక్రాల మీద వేస్తావా?"

"పదకొండేళ్లు చూశారు నన్ను. బాగా ఆలోచించుకుని అడగండి. ఇదే మాట ఇంకొక్కసారి అడిగితే తాళం ఇచ్చేస్తాను."

సంతంతా చూస్తోంది. అంతమంది ముందు వెనక్కి తగ్గడం సిద్దప్పకు చేతకాలేదు. "ఎవరి సరుకు తోలుతున్నావు?" అని మళ్లీ అడిగాడు.

దస్తగిరి బండి తాళం చింతపండు బస్తా మీద పెట్టాడు. తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. బస్సెక్కి వెళ్లిపోయాడు.

మాట మాత్రం బస్సుకంటే ముందు ఊరు చేరింది. ఆ తరువాత అతడికి ఎవరూ బండి అప్పగించలేదు. 'డీజిల్ దస్తగిరి' అని ఎవడో కొంటెవాడు పేరు పెడితే, అదే అతుక్కుపోయింది. స్టీరింగు పట్టిన చేతులతో అతడు రాళ్ల క్వారీలో గంపలు మోశాడు.

సిద్దప్ప బండిని తన బావమరిది చెన్నరాయుడి చేతికిచ్చాడు. మొదటి రోజే పది లీటర్లు. మీటరు మీద నూరు. రెండో రోజూ అంతే.

"ఏమిరా చెన్నా, ఇంటివాడివి, నువ్వు కూడానా?" అన్నాడు సిద్దప్ప.

చెన్నరాయుడి ముఖం ఎర్రబడింది. "బావా, దస్తగిరన్న పరాయివాడు కాబట్టి బస్సెక్కి పోయాడు. నేను మా అక్క ముఖం చూసి ఊరుకుంటున్నాను. ఇదిగో తాళం. ఒక్కసారి నువ్వే తోలి చూడు."

ఆ మాట లోపలికి వినబడింది. సిద్దప్ప భార్య ఆ పూట కంచంలో అన్నం వడ్డించింది గానీ, నోటినుంచి పలుకు రాలనివ్వలేదు.

మరునాడు సిద్దప్ప తానే స్టీరింగు పట్టాడు. దగ్గర నిలబడి డీజిల్ పోయించుకున్నాడు. దారిలో టీకి కూడా ఆగలేదు. సరుకు దించి, వచ్చిన దారినే తిరిగి వచ్చి, ఇంటి ముందు బండి ఆపి మీటరు చూశాడు.

నూరు.

డీజిల్ కొలిపించాడు. పది లీటర్లు కాలింది.

బండిలో తాను తప్ప ఇంకెవరూ లేరు. దొంగంటూ ఒకడుంటే వాడు తానే కావాలి. సిద్దప్ప చాలాసేపు బండి దిగలేకపోయాడు.

కొండదారి మలుపులో కదిరమ్మ అనే ఆమెకు పంక్చర్ల కొట్టు ఉంది. భర్త పోయాక ఆ కొట్టు ఆమే నడుపుతోంది. ఆ దారిన పోయే చక్రాలలో ఆమె చెయ్యి తగలనిది లేదు. తరువాతి ప్రయాణంలో సిద్దప్ప అక్కడ గాలి పట్టించుకోవడానికి ఆగాడు. ఆగినవాడు మనసు ఆపుకోలేక జరిగినదంతా చెప్పేశాడు.

కదిరమ్మ అంతా విన్నది. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "మీ స్టెప్నీ పాతదే ఉంది గదా, దించండి" అంది.

ఒక తాడు తెచ్చి ఆ పాత చక్రం చుట్టూ చుట్టి, సరిపడా కోసింది. అదే తాడును కొత్త చక్రం చుట్టూ చుట్టింది. తాడు కొసలు కలవలేదు. నడుమ ఒక జానెడు ఖాళీ మిగిలింది.

"మీటరుకు దారి కనబడదు సావుకారూ. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అదొక్కటే దానికి తెలుసు. మీరు చక్రం మార్చారు, ఆ సంగతి దానికి చెప్పలేదు. అది ఇంకా పాత చక్రమే అనుకుని లెక్కపెడుతోంది. చుట్టుకు జానెడు చొప్పున మరిచిపోతూ పోతే, నూట పన్నెండు నూరు కాక ఏమవుతుంది?"

సిద్దప్ప ఆ ఖాళీలో తన చెయ్యి పెట్టి కొలిచి చూశాడు. "మరి డీజిల్? ఎనిమిది పది అయింది. అదీ మీటరు మరుపేనా?" అని అడిగాడు.

"కాదు, అది నిజంగానే కాలింది. ఆ పాత చక్రం ఎత్తండి."

సిద్దప్ప ఎత్తాడు. మోకాలి దాకా లేచింది. కదిరమ్మ బండికి జాకీ పెట్టి కొత్త చక్రం ఒకటి విప్పి దొర్లించింది. దాన్ని ఎత్తబోతే అతడి నడుము పట్టుకుంది.

"ఇట్లాంటివి నాలుగు. ఆపిన ప్రతిసారీ వీటిని మళ్లీ తిప్పాలంటే ఇంజన్‌కు ఎంత ఆయాసం! ఈ పళ్లు చూడండి. బురదను పట్టుకోవడానికి పెట్టినవి. బురద దొరక్కపోతే తారురోడ్డునే పట్టుకుని లాగుతాయి."

"పెద్ద చక్రానికి అంగ పెద్దది, డీజిల్ మిగులుతుందన్నాడే దుకాణంవాడు!"

"చదును నేల మీద ఉత్తచేతులతో నడిచేవాడు పెద్ద అంగలు వేస్తాడు. నెత్తిన బస్తా పెట్టుకుని కొండెక్కేవాడు వేస్తాడా? వేస్తే రొప్పుతాడు. మీ బండి రోజూ చేసేది ఏ పని?"

సిద్దప్ప దారి వైపు చూశాడు. అది ఏటవాలుగా పైకి పోతోంది.

కదిరమ్మ లోపలినుంచి ఒక చేట తెచ్చి అతడి చేతికిచ్చింది. ఆ మలుపులో గాలి ఎప్పుడూ బలంగా వీస్తుంది. "చేటను అడ్డంగా పడుకోబెట్టి పట్టుకుని గాలికి ఎదురు నడవండి" అంది. నడిచాడు. "ఇప్పుడు రొమ్ముకు ఎదురుగా నిలబెట్టి నడవండి." చేట వెనక్కి తోసింది. పది అడుగులకే అతడికి చెమట పట్టింది.

"బండిని జానెడు లేపారు. కిందినుంచి గాలి దూరుతోంది. ముందర చట్రం పెట్టారు. ఎదురుగా గాలి కొడుతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ బండి చేట పట్టుకుని నడుస్తోంది సావుకారూ." ఆమె చక్రాన్ని ప్రేమగా తట్టింది. "వీటి తప్పేమీ లేదు. అడవిలో, వాగుల్లో తిరిగేవాళ్లకు ఇవి ప్రాణం కాపాడతాయి. మీ దారి వేరు, అంతే."

తరువాత ఆమె అడిగింది. "చక్రాల వల్లేనేమో అని మీకు ఎవరూ చెప్పలేదా?"

సిద్దప్ప తల వంచుకున్నాడు. "చెప్పాడు" అన్నాడు.

ఆ సాయంత్రమే అతడు దస్తగిరి ఇంటికి వెళ్లాడు. దస్తగిరి భార్య చాప పరిచి, మంచినీళ్లిచ్చి, పక్కకు తప్పుకుంది. క్వారీ దుమ్ముతో తెల్లబడిన చేతులు కడుక్కుని దస్తగిరి వచ్చి కూర్చున్నాడు.

"తప్పు నాది దస్తగిరీ. నువ్వు నిజమే చెప్పావు. నేను వినలేదు. మళ్లీ బండి ఎక్కు" అన్నాడు సిద్దప్ప.

దస్తగిరి తడి చేతులు తుడుచుకున్నాడు. తరువాత అన్నాడు. "ఇంటిదాకా వచ్చి చెప్పారు, సంతోషం సావుకారూ. కానీ దొంగ అన్న ఆ మాట మీరు నా ఇంట్లో అనలేదు గదా."

సిద్దప్పకు అర్థమైంది. గురువారం దాకా అతడికి తిండి సయించలేదు. పోనీ నలుగురు పెద్దమనుషుల ముందు చెబితే చాలదా అనుకున్నాడు. ఒంట్లో బాగాలేదని సంత మానేద్దామా అని కూడా అనుకున్నాడు. చివరికి వెళ్లాడు. సంత నిండుగా ఉన్న వేళ, ఒక బస్తా మీదికెక్కి నిలబడ్డాడు.

"అయ్యలారా! ఇక్కడే, మీ అందరి ముందే, నేను దస్తగిరిని దొంగ అన్నాను. అతడు దొంగ కాడు. బండి చక్రాలు నేను మార్చాను. డీజిల్ ఎక్కువ తాగింది అందుకే, మీటరు తప్పింది అందుకే. అతడు చెబితే నేను వినలేదు. నా బావమరిదిని కూడా ఇట్లాగే అనుమానించాను. ఇక నుంచి దస్తగిరిని ఎవరైనా డీజిల్ పేరుతో పిలవాలనుకుంటే, ఆ పేరుతో నన్ను పిలవండి."

ఎవడో పకపక నవ్వాడు. సిద్దప్ప చెవులు కాలిపోయాయి. అయినా మాట ముగించేదాకా బస్తా దిగలేదు. గుంపు వెనకాల నిలబడి విన్న చెన్నరాయుడు ఆ రోజు బావ సరుకు తానే దగ్గరుండి దించాడు.

మరునాడు పాత చక్రాలు మళ్లీ వచ్చాయి. పట్టీలు దిగాయి. చట్రం ఊడింది. దస్తగిరి సీటులో కూర్చున్నాడు. మొదటి ప్రయాణంలోనే ఎనిమిది లీటర్లు, నూట పన్నెండు కిలోమీటర్లు. అంతా మునుపటిలాగే.

కానీ పిల్లలూ, ఒకటి మాత్రం మునుపటిలా లేదు. డీజిల్ పోయించే ప్రతిసారీ దస్తగిరి, "రండి సావుకారూ, పక్కన నిలబడి చూసుకోండి" అని పిలిచేవాడు.

"నాకక్కర్లేదు దస్తగిరీ."

"మీకు అక్కర్లేకపోవచ్చు. నాకు కావాలి."

సిద్దప్ప వెళ్లి నిలబడేవాడు. ఎండలో నిలబడ్డాడు, వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తాను చేసిన గాయం ఎంత లోతో ప్రతిసారీ చూశాడు. ఒక ఏడాది అట్లాగే గడిచింది.

ఒక రోజు ఉదయం దస్తగిరి పిలవలేదు. తానే డీజిల్ పోయించుకుని, "పోయొస్తా సావుకారూ" అని కేకవేసి, బండి తోలుకుని కొండదారి పట్టాడు. సిద్దప్ప వాకిట్లో నిలబడి ఆ బండి మలుపు తిరిగేదాకా చూశాడు. కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాడు.

ఎదుటివాడి నిజాయితీని శంకించే ముందు మన చేత్తో మనం ఏం మార్చామో చూసుకోవాలి. చక్రాన్ని ఒక్క పూటలో తిరిగి బిగించవచ్చు గాని, నమ్మకాన్ని బిగించడానికి ఏడాది పడుతుంది.