వంకాయ తట్టల శాసనం

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి తోటలవాళ్లు రోజూ యాభై తట్టల వంకాయలు కోటకు పంపాలని భుజంగ దొర రాతి మీద శాసనం చెక్కించాడు. దాన్ని చెరిపించి తీరాలని పట్టుబట్టి, తోటలవాళ్ల తరఫున గురవమ్మ కోటకు వెళ్లింది.

"చెక్కిన మాట చెరిపే వంశం కాదు మాది. కావాలంటే కింద ఇంకో మాట చేర్పించుకో," అని దొర మీసం మెలేశాడు.

"అయితే రోజుకు పది తట్టలు తగ్గించండి దొరా. రోజూ తగువు లేకుండా ఒకే సూత్రం చెక్కించండి. ఎన్నో రోజైతే అన్ని పదులు అరవైలోంచి తీసెయ్యాలి. మీ కోట నిలిచినన్నాళ్లూ అదే నడవాలి."

కోట నిలిచినన్నాళ్లూ వంకాయలొస్తాయని దొరకు నోరూరింది. వెంటనే చెక్కించాడు.

మొదటి రోజు యాభై తట్టలు వెళ్లాయి, మర్నాడు నలభై. అలా తగ్గుతూ ఆరో రోజుకు ఏమీ వెళ్లలేదు. ఏడో రోజు పొద్దున్నే గురవమ్మ పది ఖాళీ తట్టలు తెచ్చి కోట వాకిట్లో బైఠాయించింది.

"ఏమిటే ఇది?" అని దొర గద్దించాడు.

"ఈ రోజు అరవైలోంచి డెబ్బై తీయాలి దొరా. పది తక్కువొచ్చాయి. అవి మీరే నింపివ్వాలి. రేపు ఇరవై, ఎల్లుండి ముప్పై. మీ కోట నిలిచినన్నాళ్లూ ఇంతే."

దొర వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"ఒరేయ్, ఆ శాసనం మొత్తం చెరిపెయ్యండ్రా!"

గురవమ్మ లేచి ఖాళీ తట్టలు నెత్తికెత్తుకుంది.

"నేను మొదట అడిగిందీ అదే కదా దొరా."